కూడలి దీపము – చోదకుని స్వభావము

నాలుగు వీధులు కలియుచోట నిలిపిన మూడు రంగుల దీపస్తంభము నేడు పట్టణములలో అందఱికిని పరిచితమైన వస్తువు. ఎఱ్ఱదీపము వెలిగిన ఆగవలెను. ఆకుపచ్చ దీపము వెలిగిన పోవలెను. ఆకుపచ్చ దీపము ఆరి ఎఱ్ఱదీపము వెలుగుటకు నడుమ పసుపు దీపము హెచ్చరిక చేయును. ఇంతవఱకు పసిపిల్లలుకూడ చెప్పగలరు. కాని ఆకుపచ్చ దీపము 24 సెకనులు వెలుగవలెనా, 40 సెకనులు వెలుగవలెనా? పసుపు దీపమునకు 3 సెకనులు చాలునా? ఈ సంఖ్యలను ఏ ఆధారముతో నిర్ణయింతురు?

ఇది అల్పవిషయముగా తోచవచ్చును. అయితే ఆకుపచ్చ దీపమునకు పంచియిచ్చిన కాలము తప్పినచో వేలమంది జనులు దినదినము ఎండలో, పొగలో నిలువవలసివచ్చును. పసుపు దీపపు కాలము ఒక్క సెకను తగ్గినచో, చట్టమును మీఱవలెనను తలంపు లేశమును లేని చోదకుడుకూడ ఎఱ్ఱదీపమును దాటక తప్పని స్థితి ఏర్పడును. అట్టి స్థితిలో అతనికి జరిమానా పడవచ్చును. అడ్డుగా వచ్చు వాహనము తగిలి ప్రాణమే పోవచ్చును. కావున ఈ సంఖ్యల వెనుకనున్న గణితమును తెలిసికొనుట మనకు అవసరము.

పైనుండి విడిచిన రాయి ఎంతకాలములో నేలను చేరునో లెక్కించుట సులభము. రాయికి కన్నులు లేవు, భయము లేదు, తొందర లేదు. వాహనమును నడుపునది మనిషి. అతడు చూడవలెను, గ్రహింపవలెను, నిశ్చయించుకొనవలెను, ఆ తరువాతనే కాలు బ్రేకుమీదికి పోవలెను. ఒకడు జాగ్రత్తపరుడు, ఒకడు దుడుకువాడు, మఱియొకడు పరధ్యానములో ఉన్నవాడు. ఇట్టి మనుష్యుల నడతను సంఖ్యలలోనికి దించుట ఎట్లు? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు క్రమక్రమముగా సమాధానములు కనుగొనిరి.

తొలి దీపములు

1868 డిసెంబరులో లండను నగరమున పార్లమెంటు భవనముల ముందర తొలి కూడలి దీపమును నిలిపిరి. దానిని కల్పించినవాడు నైట్ అను రైల్వే ఇంజనీరు. రైలుమార్గములలోని కైకాటి కమ్మీలవంటి చేతులును, రాత్రివేళకు ఎఱ్ఱ, ఆకుపచ్చ రంగుల గ్యాసు దీపములును దానికి ఉండెను. ఒక పోలీసు దానిని చేతితో త్రిప్పుచుండెను. 1869 జనవరిలో గ్యాసు పేలి ఆ పోలీసు గాయపడుటతో ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయెను.

విద్యుద్దీపములతో కూడిన సిగ్నలు 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున వెలిసెను. దానిలో ఉన్నవి ఎఱ్ఱ, ఆకుపచ్చ దీపములు మాత్రమే. రంగు మారబోవుచున్నదని తెలుపుటకు ఒక బజరు మ్రోగుచుండెను. 1920లో డెట్రాయిటు నగరమున విలియం పాట్స్ అను పోలీసు అధికారి మూడవదియైన పసుపు దీపమును చేర్చెను. పరుగిడు వాహనము తలచిన తక్షణమే ఆగజాలదు; మనిషి చూచిన తక్షణమే బ్రేకు నొక్కజాలడు. ఈ రెండు సత్యములకును పసుపు దీపమే తొలి అంగీకారము.

ఆకుపచ్చ దీపము వెలిగిన తరువాత

ఎఱ్ఱదీపము ముందర పది కారులు ఒకదాని వెనుక ఒకటి నిలిచియున్న వనుకొందము. ఆకుపచ్చ దీపము వెలిగినంతనే పదియును ఒక్కసారిగా కదలినచో ఎంతయో కాలము కలసివచ్చును. కాని అట్లు జరుగదు. మొదటి చోదకుడు దీపమును చూచి కదలును. రెండవవాడు మొదటివానిని చూచి కదలును. మూడవవాడు రెండవవానిని చూచి కదలును. ఈ కదలిక ఒక అలవలె వెనుకకు సాగును. వరుసలో ఎనిమిదవ లేక పదవ స్థానమున నున్నవాడు, ఎదుట ఆకుపచ్చ దీపము ప్రకాశించుచున్నను, కొన్ని సెకనులు కదలకుండనే కూర్చుండవలెను.

దీనిని చక్కగా కొలిచినవాడు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. వీధులలోని వాహనములను చలనచిత్రపు కెమెరాతో వరుసగా ఛాయాచిత్రములు తీసి, వానినుండి వేగములను లెక్కించు పద్ధతిని 1930 తరువాతి సంవత్సరములలో ఆయన వాడుకలోనికి తెచ్చెను. 1947లో ఆయనయు, సహచరులును ప్రకటించిన కొలతలు నేటికిని పాఠ్యగ్రంథములలో కానవచ్చుచున్నవి. ఆకుపచ్చ దీపము వెలిగిన పిమ్మట మొదటి కారునకు 3.8 సెకనులు పట్టెను. దాని వెనుక రెండవ కారు 3.1 సెకనులకును, మూడవది మఱి 2.7 సెకనులకును, నాలుగవది 2.4 సెకనులకును, అయిదవది 2.2 సెకనులకును వచ్చెను. అటుపిమ్మట ప్రతి కారునకును 2.1 సెకనులు పట్టెను.

ఈ సంఖ్యలలో ఒక చక్కని క్రమము కలదు. వరుస ఒకసారి ఊపందుకొనిన తరువాత ఒక్కొక్క కారునకు 2.1 సెకనుల చొప్పున స్థిరమైన ప్రవాహము సాగును. దీనిని ‘సంతృప్త ప్రవాహము’ అందుము. గంటకు 3,600 సెకనులు కావున, ఒక వరుసలో గంటకు 3,600 ÷ 2.1, అనగా సుమారు 1,714 కారులు పోగలవు. మొదటి అయిదు కారులు మాత్రము ఈ స్థిరమైన కాలముకంటె అధికముగా వాడుకొనెను. ఆ అధికకాలములు వరుసగా 1.7, 1.0, 0.6, 0.3, 0.1 సెకనులు, మొత్తము 3.7 సెకనులు. దీనిని ‘ఆరంభ నష్టకాలము’ అందుము.

ఇప్పుడు లెక్క ఎంత సులభమైనదో చూడుడు. పది కారులు గీతను దాటుటకు కావలసిన కాలము 3.7 + 10 × 2.1 = 24.7 సెకనులు. వెనుకటి చోదకుల సంకోచము, కన్ను, కాలు, ఇంజను – వీని ఆలస్యమంతయు 3.7 అను ఒక్క సంఖ్యలో ఇమిడిపోయినది. ఏ ఒక్క చోదకుడు ఎట్లు ప్రవర్తించునో మనము చెప్పలేము. అనేకులు కలసి సగటున ఎట్లు ప్రవర్తింతురో మాత్రము నమ్మకముగా చెప్పగలము. వాయువులోని ఒక్కొక్క అణువు గతి తెలియకున్నను వాయువు పీడనమును లెక్కించుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

వెబ్‌స్టరు సూత్రము

దీపము ఒకసారి ఆకుపచ్చగా వెలిగినది మొదలు మఱల ఆకుపచ్చగా వెలుగువఱకు గల కాలమును ‘ఆవృత్తము’ అందుము. ప్రతి ఆవృత్తములోను దీపము ఒక దిశనుండి మఱియొక దిశకు మారునప్పుడెల్ల కొంత కాలము వ్యర్థమగును. ఆవృత్తము మఱీ చిన్నదైనచో ఈ వ్యర్థకాలపు పాలు ఎక్కువయగును. మఱీ పెద్దదైనచో ఎఱ్ఱదీపము ముందర నిలుచు కాలము ఎక్కువయగును. ఈ రెంటి నడుమ తగిన కొలత ఏది?

బ్రిటనులోని రహదారి పరిశోధనాలయమున పనిచేసిన వెబ్‌స్టరు 1958లో దీనికి ఒక సూత్రమును ప్రకటించెను. ఒక ఆవృత్తములోని మొత్తము నష్టకాలమును ‘న’ అనుకొందము. ప్రతి దశలోను, అనగా ఒకే కాలమున వదలబడు దిశలలో, మిక్కిలి రద్దీగల దారికి వచ్చు ప్రవాహమును దాని సంతృప్త ప్రవాహముతో భాగింపవలెను. అన్ని దశల భాగఫలములను కూడగా వచ్చిన మొత్తమును ‘ర’ అనుకొందము. అప్పుడు అతి తక్కువ ఆలస్యము కలిగించు ఆవృత్తము:

ఆవృత్తము = (1.5 × న + 5) ÷ (1 – ర) సెకనులు.

ఒక ఉదాహరణము. రెండు వీధులు అడ్డముగా కలియుచున్నవి. ప్రతి దారియు 7 మీటర్ల వెడల్పు. వెబ్‌స్టరు కొలతల ప్రకారము సంతృప్త ప్రవాహము ప్రతి మీటరు వెడల్పునకు గంటకు 525 కారులు. కావున 7 మీటర్లకు 3,675 కారులు. తూర్పు పడమరల దారికి గంటకు 1,323 కారులు వచ్చుచున్నచో భాగఫలము 0.36. ఉత్తర దక్షిణముల దారికి 882 కారులు వచ్చుచున్నచో భాగఫలము 0.24. మొత్తము ర = 0.60. నష్టకాలము 10 సెకనులైనచో ఆవృత్తము (15 + 5) ÷ 0.40 = 50 సెకనులు. దీనిలో నష్టమైన 10 సెకనులు పోగా మిగిలిన 40 సెకనులను 0.36, 0.24 నిష్పత్తిలో పంచినచో ఒక దిశకు 24 సెకనులు, రెండవ దిశకు 16 సెకనులు వచ్చును.

రద్దీ మూడవవంతు పెరిగి ర = 0.80 అయినచో ఆవృత్తము 100 సెకనులగును. రద్దీ సగము పెరిగి ర = 0.90 అయినచో 200 సెకనులగును! రద్దీ ఒకటిన్నర రెట్లు కాగా ఆవృత్తము నాలుగు రెట్లయినది. మనిషి సహనమునకు ఒక హద్దు కలదు. అంతసేపు నిలిచిన చోదకుడు దీపము చెడిపోయినదని తలంచి, లేక విసిగి, ఎఱ్ఱదీపమునే దాటిపోవును. అందువలన సాధారణముగా ఆవృత్తమును 120 సెకనులకు మించనీయరు. సూత్రము ఇచ్చిన సమాధానమునుకూడ మనిషి స్వభావమునుబట్టి సవరింపవలసివచ్చినదని గమనింపుడు.

ఇందులో మఱియొక సూక్ష్మము కలదు. వాహనములు గడియారపు టిక్కులవలె సమానమైన ఎడములతో రావు. ఒక ఆవృత్తములో ఆఱు వచ్చును, మఱియొకదానిలో పదునాలుగు వచ్చును. సగటున పది వచ్చునని పదింటికే కాలమిచ్చినచో, పదునాలుగు వచ్చినప్పుడు నలుగురు మిగిలిపోవుదురు. తరువాతి ఆవృత్తములో ఆఱే వచ్చినచో లెక్క సరిపోవును; కాని ఆఱుకంటె తక్కువ వచ్చినప్పుడు ఖాళీగా గడచిన ఆకుపచ్చ కాలమును దాచుకొని మఱల వాడుకొనుటకు వీలులేదు. కావున వరుస పెరుగుచునే పోవును. వెబ్‌స్టరు తన ఆలస్య సమీకరణములో ఈ యాదృచ్ఛికమైన రాకకు ప్రత్యేకముగా ఒక భాగమును చేర్చెను. వచ్చు రద్దీ మారకయున్నప్పుడు, దారి నిండుదల నూటికి 80 నుండి 95కు పెరిగినచో ఈ భాగము అయిదు రెట్లకు మించి పెరుగును. సమీకరణములోని చివరి సవరణమును ఆయన సిద్ధాంతమునుండి రాబట్టలేదు. కంప్యూటరులో కృత్రిమముగా వాహనములను నడిపించి చూచి దానిని నిర్ణయించెను.

పసుపు దీపపు చిక్కు

ఇక పసుపు దీపమునకు వత్తము. 1960లో జనరల్ మోటార్సు పరిశోధనాలయమునకు చెందిన గాజిస్, హెర్మన్, మారడూడిన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పసుపు దీపమునుగుఱించి ఒక వ్యాసము ప్రకటించిరి. వారి తర్కము ఉన్నత పాఠశాల గణితమునకు అందనిది కాదు.

వాహనము గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 15 మీటర్ల వేగముతో వచ్చుచున్నది. పసుపు దీపమును చూచి బ్రేకు నొక్కుటకు చోదకునికి ఒక సెకను పట్టు ననుకొందము. ఈలోగా వాహనము 15 మీటర్లు సాగిపోవును. లోపలివారు ముందుకు తూలిపడకుండునట్లు బ్రేకు వేసినచో వేగము సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గు ననుకొందము. అప్పుడు ఆగుటకు కావలసిన దూరము, వేగపు వర్గమును తగ్గుదల రేటునకు రెట్టింపుతో భాగింపగా, 225 ÷ 6 = 37.5 మీటర్లు. మొత్తము 52.5 మీటర్లు. నిలుపుగీతకు అంతకంటె దగ్గఱగా నున్న చోదకుడు సుఖముగా ఆగజాలడు.

పసుపు దీపము 3 సెకనులు మాత్రమే వెలుగుచున్న దనుకొందము. అదే వేగముతో 3 సెకనులలో వాహనము 45 మీటర్లు పోవును. గీతకు అంతకంటె దూరముగా నున్నవాడు ఎఱ్ఱదీపము వెలుగకముందు గీతను చేరజాలడు. ఇప్పుడు గీతకు 50 మీటర్ల దూరమున నున్న చోదకుని సంగతి ఆలోచింపుడు. అతడు ఆగజాలడు, దాటజాలడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 45 మీటర్లకును 52.5 మీటర్లకును నడుమనున్న ఈ 7.5 మీటర్ల భాగమును ‘సందిగ్ధ మండలము’ అందుము. ఇందులో చిక్కినవాడు తప్పు చేయలేదు. తప్పు చేసినది గడియారము.

ఈ మండలమును తొలగించుట ఎట్లు? పసుపు కాలము 3.5 సెకనులైనచో 15 × 3.5 = 52.5 మీటర్లు, మండలము మాయమగును. సామాన్య సూత్రముగా చెప్పవలెనన్న,

పసుపు కాలము = ప్రతిచర్యా కాలము + వేగము ÷ (2 × తగ్గుదల రేటు).

వేగము గంటకు 36 కిలోమీటర్లైనచో ఇది సుమారు 2.7 సెకనులు, 72 కిలోమీటర్లైనచో 4.3 సెకనులు. దారి నూటికి 3 వంతుల పల్లముగా దిగుచున్నచో, గురుత్వము బ్రేకునకు ఎదురు పనిచేయుటచే, తగ్గుదల రేటు 3 నుండి 2.7కు పడిపోవును, 54 కిలోమీటర్ల వేగమునకు కావలసిన కాలము 3.5 నుండి 3.8 సెకనులకు పెరుగును. గీతను దాటిన వాహనము కూడలినుండి పూర్తిగా బయటపడుటకు మఱికొంత కాలము కావలెను. కూడలి 15 మీటర్లు, వాహనము 5 మీటర్లైనచో 20 ÷ 15, అనగా 1.3 సెకనులు. ఈ కాలమునకై అన్ని దిశలకును ఎఱ్ఱదీపమునే వెలిగించి ఉంచుట నేటి ఆచారము.

అయితే నిజమైన చోదకులందఱును ఒకే సెకనులో బ్రేకు నొక్కరు. ఒకే దూరమున, ఒకే వేగముతో వచ్చు ఇద్దఱిలో ఒకడు ఆగును, ఒకడు దాటును. కనుక నేటి పరిశోధకులు ‘ఆగునా, ఆగడా’ అని కాక ‘ఆగు సంభావ్యత ఎంత?’ అని అడుగుదురు. పసుపు వెలిగినప్పుడు నూటికి 10 మంది మాత్రమే ఆగుచోటునకును, 90 మంది ఆగుచోటునకును నడుమ నున్నది సంశయ ప్రదేశము. ఇది గీతకు సుమారు 2.5 సెకనులనుండి 5.5 సెకనుల ప్రయాణదూరములో ఉండునని పెక్కు గ్రంథములు చెప్పుచున్నవి. ముందువాడు ఆగనెంచి, వెనుకవాడు దాటనెంచినచో ఒకదాని వెనుక ఒకటి గ్రుద్దుకొనుట ఇక్కడనే జరుగును.

‘పసుపు కాలము పెంచినచో జనులు దానినికూడ వాడుకొని యథాప్రకారము ఎఱ్ఱదీపమును దాటుదురు గదా’ అను శంక కలుగవచ్చును. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జరిగిన పరిశీలనము 2008లో వెలువడినది. పసుపు కాలమును సుమారు ఒక సెకను పెంచగా ఎఱ్ఱదీపమును దాటుట నూటికి 36 వంతులు తగ్గెను. ఆ పిమ్మట కెమెరాలు నిలుపగా, మిగిలినవానిలో నూటికి 96 వంతులు తగ్గెను. అనగా కొందఱు దాటుట విధిలేక. మఱికొందఱు దాటుట భయములేక. మొదటివారికి గణితము మందు. రెండవవారికి చట్టము మందు. ఒకరి మందు మఱియొకరికి పనికిరాదు.

మలుపు తిరుగువాని మొఱ

పైన చెప్పిన సూత్రములో ఒక లోపము అర్ధశతాబ్దముదాక దాగియుండెను. దాటదలచినవాడు వేగము తగ్గింపకుండ నేరుగా పోవునని అందులో భావింపబడినది. మఱి మలుపు తిరుగువాడు? అతడు వేగము తగ్గింపక తిరిగినచో బండి బోల్తాపడును. తగ్గించుకొనుచు వచ్చినచో గీతను చేరుటకు ఎక్కువ కాలము పట్టును.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌టన్ నగరములో 2013లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అను ఎలక్ట్రానిక్సు నిపుణుని భార్యకు ఎఱ్ఱదీపపు కెమెరా మూలమున జరిమానా పడెను. ఆయన లెక్క వేసి, సూత్రము మలుపు తిరుగువారికి చాలదని చూపెను. ఇంజనీరు అనుజ్ఞాపత్రము లేకుండ ఇంజనీరింగు చేసినాడని ఆ రాష్ట్రపు ఇంజనీర్ల పరీక్షక మండలి ఆయనకు 500 డాలర్ల జరిమానా విధించెను. ఆయన న్యాయస్థానమున పోరాడి 2018 డిసెంబరులో గెలిచెను. 2020లో అమెరికాలోని రవాణా ఇంజనీర్ల సంస్థ తన మార్గదర్శకములలో ఆయన విస్తరించిన సూత్రమును చేర్చుకొనెను.

ఆ విస్తరణము ఇట్టిది. ముందటి ఉదాహరణమునే తీసికొందము. వేగము సెకనుకు 15 మీటర్లు. మలుపువద్ద 6 మీటర్లు. వేగము 15 నుండి 6కు తగ్గుటకు 9 ÷ 3 = 3 సెకనులు పట్టును. ఈలోగా పోవు దూరము (225 – 36) ÷ 6 = 31.5 మీటర్లు. బ్రేకు వేసిన చోటునుండి గీతకు ఉన్న 37.5 మీటర్లలో మిగిలినది 6 మీటర్లు. దానికి ఒక సెకను. ప్రతిచర్యకు ఒక సెకను. మొత్తము 5 సెకనులు. పాత సూత్రము ఇచ్చినది 3.5 సెకనులే! ఒకటిన్నర సెకను కొఱత. విద్యార్థులు గమనింపవలసినది ఏమనగా, ఇందులో చలన సమీకరణములకు మించిన గణితము లేదు. కొఱవడినది గణితము కాదు. దారిలో వచ్చువాడు నిజముగా ఏమి చేయునో అని అడుగుట.

ముందువానిని చూచి నడుచుట

కూడలికి వచ్చు వాహనములు ఒకదానినొకటి ఎట్లు అనుసరించుననునది మఱియొక ప్రశ్న. 1958లో చాండ్లర్, హెర్మన్, మాంట్రోల్ అనువారు ఒక నియమమును ప్రతిపాదించిరి. ముందు వాహనపు వేగమునకును తన వేగమునకును గల భేదమునుబట్టి చోదకుడు తన వేగమును మార్చుకొనును. కాని కొంత ఆలస్యముగా. స్పందన తీవ్రతను ఆలస్యముతో గుణింపగా వచ్చిన సంఖ్య అరకు మించినచో, ముందువాడు వేసిన చిన్న బ్రేకు వెనుకకు పోవుకొలది పెద్దదగును. తీవ్రత సెకనుకు 0.3, ఆలస్యము 1.5 సెకనులైనచో లబ్ధము 0.45; కలత అణగిపోవును. చోదకుడు చేతిలోని ఫోనును చూచుచుండుటచే ఆలస్యము 2 సెకనులైనచో లబ్ధము 0.6, కలత పెరిగిపోవును.

2008లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు 230 మీటర్ల చుట్టుకొలతగల వృత్తాకారపు బాటలో 22 కారులను నడిపించి చూచిరి. ఎట్టి అడ్డంకియు లేకున్నను కొంతసేపటికి కారుల గుంపు ఒకచోట స్తంభించి, ఆ స్తంభనము వెనుకకు అలవలె ప్రయాణము చేసెను.

జర్మనీదేశపు కార్ల్‌స్రూహే నగరమున వీడెమన్ అను శాస్త్రజ్ఞుడు 1974లో మఱియొక మెట్టు ముందునకు పోయెను. దూరము కొంచెము మారినను మనిషి కన్ను గుర్తింపజాలదు. భేదము ఒక హద్దును దాటినప్పుడే అతడు మేల్కొని బ్రేకో, యాక్సిలరేటరో నొక్కును. కావున అతని నమూనాలోని చోదకుడు ముందువానితో సమానముగా నడువక, కొంచెము దగ్గఱగుచు, కొంచెము దూరమగుచు ఊగిసలాడును. ఒక్కొక్కనికి ఈ హద్దు వేర్వేఱుగా ఉండును. నేడు కంప్యూటరులో వేలాది కృత్రిమ చోదకులను నడిపించి, దీపములను వీధిలో నిలుపకముందే పరీక్షించు పద్ధతులు ఇట్టి భావనలపైననే నిలిచియున్నవి.

అయితే నమూనా చక్కగా కానవచ్చినంతమాత్రమున నిజము కాదు. ఒకనాటి కొలతలతో దానిని సరిచేసి, మఱియొకనాటి వరుసలను అది సరిగా చెప్పునో లేదో చూడవలెను. సరిచేసిన దినపు లెక్కనే చూపి ‘సరిపోయినది’ అనుట, ప్రశ్నపత్రమును ముందే చూచి పరీక్ష వ్రాయుటవంటిది.

మన వీధుల ప్రత్యేకత

పైన చెప్పిన కొలతలలో అనేకము కారులు వరుస తప్పక నడచు దేశములలో తీసినవి. మన హైదరాబాదులోగాని, విజయవాడలోగాని కూడలివద్ద నిలిచి చూచినచో దృశ్యము వేఱు. స్కూటర్లు, మోటారుసైకిళ్లు పెద్ద వాహనముల సందులనుండి జొరబడి గీత ముందర గుమిగూడును. ఆటోలు, బస్సులు, కారులు, తోపుడు బండ్లు ప్రక్కప్రక్కనే నిలుచును. ఇక్కడ ‘మొదటి కారు, రెండవ కారు’ అని లెక్కపెట్టుటకు వరుసయే లేదు.

దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, వరుసను విడిచి వెడల్పును పట్టుకొనుట. వెబ్‌స్టరు ప్రతి మీటరు వెడల్పునకు లెక్క కట్టుట ఇచ్చట మనకు ఉపకరించును. రెండవది, అన్ని వాహనములను కారులలోనికి మార్చుట. వెబ్‌స్టరు నాటి బ్రిటిషు లెక్కలో ఒక బస్సు 2.25 కారులకును, మోటారుసైకిలు 0.33 కారునకును, సైకిలు 0.2 కారునకును సమానము. ఈ తుల్యాంకములు దేశమునుబట్టి, వీధినిబట్టి మారును. పరదేశపు సంఖ్యలను అట్లే దిగుమతి చేసికొనినచో ఆకుపచ్చ కాలము తప్పిపోవును. అందుచేతనే ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఆధ్వర్యమున మన దేశపు వీధులలోనే కొలతలు తీసి, 2017లో భారతీయ రహదారి సామర్థ్య గ్రంథమును సిద్ధపఱచిరి.

విద్యార్థులకు ఒక ప్రయోగము

ఈ విషయమును తరగతిలో చెప్పి విడువక, ఉపాధ్యాయులు పిల్లలచే ఒక ప్రయోగము చేయింపవచ్చును. కావలసినవి సెకనులు చూపు గడియారము, ఒక పుస్తకము, పెన్సిలు. ఉపాధ్యాయుని వెంట కాలిబాటమీదనే నిలువవలెను, వీధిలోనికి దిగరాదు.

మొదట పసుపు దీపము ఎన్ని సెకనులు వెలుగుచున్నదో పదిసార్లు కొలిచి సగటు తీయవలెను. ఆ వీధిలో అనుమతించిన వేగమును సెకనుకు మీటర్లలోనికి మార్చి, పై సూత్రముతో కావలసిన కాలమును లెక్కించి, రెంటిని పోల్చవలెను. పిమ్మట ఆకుపచ్చ దీపము వెలిగినది మొదలు ప్రతి 5 సెకనులకు ఎన్ని వాహనములు గీతను దాటినవో ఇరువది ఆవృత్తములు వ్రాసికొనవలెను. మొదటి 5 సెకనులలోని సంఖ్యయు తరువాతివానిలోని సంఖ్యయు ఒకటేనా? మోటారుసైకిళ్లు ముందు గుమిగూడిన చోట గ్రీన్‌షీల్డ్స్ చెప్పిన ఆరంభ నష్టము కనబడునా, మాయమగునా? మిగిలిన సెకనులను అంకెలలో చూపు దీపమున్న కూడలిలో ఆకుపచ్చ వెలుగకముందే ఎందఱు కదలుచున్నారు? ఎఱ్ఱదీపము వెలిగిన మొదటి రెండు సెకనులలో ఎన్ని వాహనములు దాటుచున్నవి?

ఈ కొలతలను పటములుగా గీసి తరగతిగోడకు తగిలించినచో, చలన సమీకరణములు పరీక్షకొఱకు మాత్రమే కావని పిల్లలు గ్రహింతురు. పసుపు కాలము నిజముగా తక్కువయని లెక్కలో తేలినచో, ఆ లెక్కను వివరముగా వ్రాసి ఊరి పోలీసు అధికారులకు, పురపాలక సంఘమునకు పంపవచ్చును. ఎఱ్ఱదీపమును దాటినవానిని దండించుటకు చట్టమునకు అధికారము కలదు. అయితే ఆగుటకు వలసిన కాలమును అతనికి ముందుగా ఇచ్చియుండవలెను. ఆ కాలమెంతయో చెప్పవలసిన బాధ్యత గణితముది. ఆ గణితమును సరిచూచు అధికారము గడియారము చేతనున్న ప్రతి విద్యార్థికిని కలదు.